తాళం కప్ప, తాళంచెవి

పిల్లలూ,

కొత్త బడిలో మొదటి రోజు ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. "నీ పేరేంటి? మీ నాన్నగారు ఏం చేస్తారు? ఏ ఊరి నుంచి వచ్చావు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" మొదటి పీరియడ్‌లో నిలబడి చెప్పిందంతా రెండో పీరియడ్‌లో మళ్ళీ నిలబడి చెప్పాలి. లంచ్‌లో డబ్బా మూత తీయగానే పక్కవాళ్ళు అడుగుతారు. సాయంత్రం బస్సులో డ్రైవరన్న అడుగుతాడు. జవాబులన్నీ ఒకటే, అడిగేవాళ్ళే వేరు. వారం తిరిగేసరికి మన పేరు మనకే పాఠంలా అప్పజెప్పడం వచ్చేస్తుంది.

మాదీ అదే కథ. పదమూడేళ్ళ ఉద్యోగంలో మా సామాను ఆరుసార్లు లారీ ఎక్కింది. జోధ్‌పూర్‌లో మమ్మల్ని అందరూ మద్రాసు వాళ్ళనుకున్నారు. జోర్హాట్‌లో తెలుగు అంటే ఏ రాష్ట్రం భాషో బోర్డు మీద పటం గీసి చూపించాం. ఖరగ్‌పూర్‌లో మాత్రం మేము సామాను దించుతుండగానే పక్కింటావిడ "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులోనే పలకరించారు. రైల్వే పనుల కోసం తాతల కాలంలో వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. ప్రశ్న అక్కడా తప్పలేదు గానీ, అడిగిన తీరు వేరు.

ఇప్పుడున్న బడిలో మమ్మల్ని మనుషుల కన్నా ఎక్కువసార్లు "ఎవరు మీరు?" అని అడిగింది ఒక కంప్యూటరు. ఆ సంగతే ఈసారి మీకు చెప్పాలని.

మన పత్రికలో తెలుగు పేజీల పని చూసేవాళ్ళం ఆరుగురం, ఒక టీచరు, ఐదుగురు పిల్లలు. మీరు రాసిచ్చిన కథలు, కవితలు, పొడుపుకథలు టైపు చేసి, తప్పులు దిద్ది, ల్యాబ్‌లో ఉన్న సర్వర్‌లోకి పంపాలి. స్టాఫ్‌రూమ్ మూలనున్న పాత కంప్యూటరులో లినక్స్ ఉంది. అక్కడి నుంచి సర్వర్‌కి ఫైళ్ళు పంపడానికి ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి వాడతాం. సెక్యూర్ షెల్ అన్న మాటకు అది పొట్టిపేరు. ఒక కంప్యూటరు ముందు కూర్చుని, దూరంగా ఉన్న ఇంకో కంప్యూటరులోకి భద్రంగా వెళ్ళి పనిచేసే దారి అది. పత్రిక పని కోసం కంప్యూటర్ సార్ సర్వర్‌లో "పత్రిక" అని ఒకే ఖాతా తెరిచి ఇచ్చారు. ఖాతా ఒకటి, పాస్‌వర్డ్ ఒకటి, వాడేవాళ్ళం ఆరుగురం.

ఒక ఫైలు పంపితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంకోటి పంపితే మళ్ళీ అడుగుతుంది. వెళ్ళిందో లేదో చూద్దామన్నా మళ్ళీ అదే ప్రశ్న. ఒక్కో సాయంత్రం పదిహేను సార్లు కొట్టేవాళ్ళం. అందులోనూ మాకు మాత్రమే వచ్చే చిక్కొకటి ఉండేది. తెలుగు టైపు చేస్తూ చేస్తూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఇంగ్లీషుకు మార్చడం మరిచిపోతాం. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు తెర మీద కనిపించవు కదా, మనం ఇంగ్లీషు అనుకుంటూ కొట్టిందంతా లోపల తెలుగు గుణింతాలై పోతుంటుంది. తప్పు అంటుంది. ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా అదే తప్పు కొడతాం. మూడుసార్లు కాగానే బయటికి గెంటేస్తుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకసారి విసుగొచ్చి, "మేడమ్, పొద్దున వచ్చింది మనమే కదా, దీనికి గుర్తుండదా?" అంది.

అప్పుడు మేము చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. పాస్‌వర్డ్‌ను చిన్నది చేయించుకున్నాం. దాన్ని చీటీ మీద రాసి కీబోర్డు కింద అంటించాం. ల్యాబ్ నియమాల్లో అలా చేయకూడదని రాసే ఉంది. తప్పు పూర్తిగా మాదే. అడిగి అడిగి విసిగిస్తే మనిషి తలుపుకు తాళం వేయడం మానేసి గడియతో సరిపెడతాడు. మేమూ అదే చేశాం.

ఆ చీటీని పట్టుకున్నది మా ఐదుగురిలో పెద్దవాడు, పదకొండో తరగతి అబ్బాయి. వాడికిది ఏడో బడి. మాటలు తక్కువ. చీటీ ఊడబెరికి మా చేతికిచ్చి, "ఇది వద్దు మేడమ్. తాళంచెవి చేసుకుందాం" అన్నాడు.

వాడు నల్లబోర్డు మీద గీసి చెప్పింది ఇది. తాళంలో రెండు భాగాలు ఉంటాయి, తాళం కప్ప, తాళంచెవి. కప్పను ఏ తలుపుకైనా తగిలించవచ్చు, దారిన పోయేవాళ్ళందరూ చూసినా నష్టం లేదు. చెవి మాత్రం అమ్మమ్మ బొడ్లో దోపుకున్నట్టు మన దగ్గరే ఉండాలి. కంప్యూటరుతో కూడా అలాంటి జంట ఒకటి చేయించవచ్చు. రెండూ పెద్ద పెద్ద అంకెలే. అందరికీ ఇవ్వదగ్గదాన్ని పబ్లిక్ కీ అంటారు, అది కప్ప. దాచుకోవలసినదాన్ని ప్రైవేట్ కీ అంటారు, అది చెవి. చెవి నుంచి కప్పను తయారుచేయడం తేలిక. కప్పను చూసి చెవిని కనిపెట్టాలంటే మాత్రం ఇప్పుడున్న కంప్యూటర్లకు అయ్యే పని కాదు.

"పాస్‌వర్డ్‌కీ దీనికీ తేడా ఏముంది? ఇదీ ఒక రహస్యమే కదా" అని ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగాడు. మంచి ప్రశ్న. పాస్‌వర్డ్ అయితే ప్రతిసారీ మన రహస్యాన్ని అవతలి కంప్యూటరుకు చెప్పాలి. దారిలో ఎవరికీ వినపడకుండా ఎస్‌ఎస్‌హెచ్ కాపాడుతుంది గానీ, చేరినచోట మాత్రం అది తెలిసిపోతుంది. తాళంచెవి పద్ధతిలో రహస్యం మన కంప్యూటరు దాటి ఎక్కడికీ పోదు. ఆ పూట సంభాషణకు మాత్రమే చెల్లే ఒక సమాచారం మీద మన ప్రైవేట్ కీ సంతకం లాంటిది చేస్తుంది. తన దగ్గరున్న పబ్లిక్ కీతో సర్వర్ ఆ సంతకాన్ని సరిచూసుకుంటుంది. సరిపోతే రానిస్తుంది. రేపటికి ఆ సంతకం పనికిరాదు, రేపు కొత్తది. ఎవడైనా ఇవాళ్టి సంతకాన్ని కాజేసినా వాడికి ఒరిగేదేమీ లేదు.

ఇలా రెండు ముక్కల తాళం చేయవచ్చన్న ఆలోచనను డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు 1976లో తమ వ్యాసంలో ప్రకటించారు. ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది 1995లో. అంతకుముందు దూరపు కంప్యూటరులోకి వెళ్ళడానికి టెల్‌నెట్ వాడేవారు. అందులో పాస్‌వర్డ్ ఏ కప్పూ లేకుండా తీగ మీద వెళ్ళేది. పోస్టుకార్డు మీద ఇంటి గుట్టు రాసి పంపినట్టన్నమాట. ఫిన్లాండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డ్‌లను పట్టేశారు. అది చూసి అక్కడే పనిచేస్తున్న తాతు యులోనెన్ ఈ పద్ధతిని తయారుచేశారు. ఇవాళ ఎక్కువచోట్ల వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో వచ్చింది. మీ ఇళ్ళలో ఫోన్లలో ఇప్పుడు కనిపిస్తున్న పాస్‌కీ కూడా ఈ కప్ప, చెవి సూత్రం మీద నడిచేదే.

సరే, పనిలోకి దిగాం. ముందు ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశం. రకం ఏదని చెప్పాల్సిన చోట ఈడీ25519 అని ఇచ్చాం. అది చిన్నది, గట్టిది. క్షణంలో రెండు ఫైళ్ళు తయారయ్యాయి. పేరు చివర డాట్ పబ్ అని ఉన్నది కప్ప. ఆ తోక లేనిది చెవి. ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకో తరవాత చెబుతాం.

ఫైళ్ళు చేసే ముందు అది ఒక పాస్‌ఫ్రేజ్ అడిగింది. అంటే చెవిని పెట్టే డబ్బాకు ఇంకో మూత. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఖాళీగా ఎంటర్ కొట్టేయండి మేడమ్! మళ్ళీ అడగకూడదనే కదా ఇదంతా" అన్నారు. పెద్దబ్బాయి ఒప్పుకోలేదు. స్టాఫ్‌రూమ్ కంప్యూటరు ముందు ఎవరైనా కూర్చోవచ్చు. ఫైలును ఎవరైనా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే మూత లేని డబ్బా వాళ్ళ చేతికి చిక్కినట్టే. అందుకని నాలుగు తెలుగు మాటలు కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో, మాకు తప్ప ఎవరికీ తట్టని వాక్యం ఒకటి పెట్టాం. మరి దాన్ని పదిహేను సార్లు కొట్టాలా అంటే, అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ అని ఒక సహాయకుడు ఉన్నాడు. పొద్దున ఒక్కసారి పాస్‌ఫ్రేజ్ చెప్పి చెవిని అతనికి అప్పగిస్తే, మనం లాగవుట్ అయ్యేదాకా అడిగినచోటల్లా అతనే సంతకం పెడుతుంటాడు. నిజానికి మాకు కావలసింది అసలు అడగకపోవడం కాదు. పొద్దున ఒకసారి సరిగ్గా అడిగి, ఆపైన రోజంతా నమ్మితే చాలు.

తరవాత ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ అనే ఆదేశంతో కప్పను సర్వర్‌కు పంపాం. దానికి చివరిసారిగా పాత పాస్‌వర్డ్ కొట్టాం. అది పత్రిక ఖాతాలో ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలు చివర మా కప్పను ఒక వరుసగా రాసి వచ్చింది. ఎవరెవరిని లోపలికి రానివ్వాలో రాసుకున్న జాబితా ఆ ఫైలు.

అందరం ఊపిరి బిగబట్టి లాగిన్ కొట్టాం. పాస్‌వర్డ్ అడిగింది.

మళ్ళీ చేశాం. మళ్ళీ అడిగింది. పెద్దబ్బాయి ముఖం చిన్నబోయింది. బెల్లు కొట్టారు, పిల్లలు బస్సులకు పరుగెత్తారు. వాడు మాత్రం "రేపు చూద్దాం మేడమ్" అని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళాడు. మర్నాడు కంప్యూటర్ సార్ సర్వర్ చిట్టా తెరిచి చూస్తే కారణం అక్కడ రాసే ఉంది. పత్రిక ఖాతా ఫోల్డర్‌కు అనుమతులు సరిగ్గా లేవట. అంతకు నెల ముందు, ఫైళ్ళు అందరికీ అందుబాటులో ఉంటాయని మేమే ఆ ఫోల్డర్‌కు 777 పెట్టాం. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి వెళ్ళడానికి 1, మొత్తం 7. మొదటి 7 యజమానికి, రెండోది గుంపుకు, మూడోది ఊరందరికీ. అంటే దారిన పోయే దానయ్య కూడా ఆ ఫోల్డర్‌లో చేయి పెట్టవచ్చు. చేయి పెట్టగలిగినవాడు జాబితాలో తన కప్పను కూడా ఇరికించవచ్చు. అలాంటి జాబితాను ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు. తలుపు బార్లా తెరిచిపెట్టి గుమ్మానికి గొళ్ళెం బిగిస్తే ఏం లాభం? ఖాతా ఫోల్డర్‌కు 755, లోపలి డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, జాబితా ఫైలుకు 600 పెట్టాం. ఈసారి మాటైనా అడగకుండా లోపలికి రానిచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి చప్పట్లు కొట్టింది. పెద్దబ్బాయి నవ్వడం మేము చూసింది ఆ రోజే.

ఇక మా రెండో తప్పు. లైబ్రరీలోని కంప్యూటరులోకి కూడా ఇలాగే వెళ్ళి పని చేసుకుందామని, అందులో మా కప్పను పెట్టమని కంప్యూటర్ సార్‌ను అడిగాం. "ఫైలు పంపండి" అన్నారు. హడావుడిలో డాట్ పబ్ అన్న తోక ఉన్నదానికి బదులు తోక లేనిది ఎంచుకుని, సార్‌కు ఒక్కరికే పంపాల్సింది స్టాఫ్ గ్రూపులో పెట్టేశాం. కప్ప ఇవ్వాల్సింది పోయి చెవిని ఊరందరికీ పంచామన్నమాట. వెంటనే తీసేశాం గానీ, ఎవరి ఫోన్‌లోకి దిగిందో ఎవరు చెప్పగలరు? గ్రూపులో ఉన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, పాస్‌ఫ్రేజ్ కూడా ఉంది, పరవాలేదులే అనిపించింది. పెద్దబ్బాయికి చెబితే, "మంచివాళ్ళా కాదా అన్నది కాదు మేడమ్. బయటికి వెళ్ళిన చెవి ఇక చెవి కాదు" అన్నాడు. జాబితాలోంచి ఆ వరుస తీసేసి, కొత్త జంట చేసుకున్నాం. పది నిమిషాల పని. పరవాలేదులే అనుకుని వదిలేసి ఉంటే ఆ దిగులు మాత్రం ఏడాదంతా ఉండేది.

ఆ తరవాత ఐదుగురు పిల్లలూ ఎవరి జంట వాళ్ళు చేసుకున్నారు. నలుగురివి ల్యాబ్‌లో వాళ్ళ వాళ్ళ ఖాతాల్లో. పెద్దబ్బాయిది మాత్రం వాళ్ళ అన్న ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో. సార్ అనుమతితో శనివారాలు దాన్ని బడికి తెచ్చేవాడు. జాబితాలో ఇప్పుడు ఆరు వరుసలు. తెరిచి చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆరు వరుసల్లోనూ రకం పేరు తరవాత వచ్చే మొదటి 25 అక్షరాలు అచ్చంగా ఒకటే. తాళం రకం, దాని కొలత ఆ అక్షరాల్లో ఉంటాయి కాబట్టి అలా ఉంటాయని సార్ చెప్పారు. "మనందరిదీ ఒకే ఇంటిపేరు మేడమ్!" అన్నాడు ఎనిమిదో తరగతి పిల్లాడు. ఆ తరవాతి అక్షరాలు మాత్రం ఎవరివి వారివే.

వరుస చివర మనకు ఇష్టమైన మాట ఒకటి రాసుకోవచ్చు. అది తాళానికి సంబంధం లేనిది, ఎవరి వరుస ఏదో గుర్తుకోసం. పేర్లు వద్దు, ఎవరి ఊరు వాళ్ళు రాసుకుందాం అన్నాం. అనగానే గది నిశ్శబ్దమైపోయింది. ఆరుగురిలో తడుముకోకుండా రాసినవాళ్ళు ఇద్దరే. ఏ ఊరు రాయాలి? పుట్టిన ఊరా? అక్కడ మూడు నెలలకు మించి లేరు. నాన్నగారి ఊరా? అక్కడికి ఏడాదికి పది రోజులు చుట్టాల్లా వెళతారు. ఇప్పుడున్న ఊరా? ఆర్డరు వస్తే అదీ పోతుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందరూ అడుగుతారు మేడమ్. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేస్తాను. కంప్యూటరుకు కూడా అబద్ధం చెప్పాలా?" అంది.

మాకు వెంటనే జవాబు తట్టలేదు. మాకూ ఊరంటే ఏ పేరు రాయాలో తెలియక మా వరుస చివర ఖాళీగానే వదిలాం. అప్పుడు పెద్దబ్బాయి తెర చూపించి, "అది రాయకపోయినా తలుపు తెరుచుకుంటుంది. అది మనం గుర్తుపట్టడానికే, దానికి అక్కర్లేదు" అన్నాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, తను బాగా ఆడుకున్న ఒక కాలనీ పేరు రాసుకుంది. ఊరు కాదు, కాలనీ. నాకూ, మాకూ అని తేడా లేకుండా అందరూ ఒప్పుకున్నారు.

అందరివీ పనిచేస్తున్నాయని తేల్చుకున్నాక, సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో వచ్చే దారిని సార్ మూసేశారు. మూసేటప్పుడు ఆయన చేసినది మీకు ఉపయోగపడుతుంది. తను అప్పటికే లోపలున్న కిటికీని మూయకుండా అలాగే ఉంచి, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూసుకుని, ఆ తరవాతే మొదటిదాన్ని మూశారు. కొత్త వాకిలి గుండా ఒకసారి లోపలికి వెళ్ళి చూడకుండా పాత వాకిలి మూయకూడదు. ఇల్లు మారేటప్పుడు కూడా అంతే కదా.

నెలలు గడిచాయి. ఒక సోమవారం పెద్దబ్బాయి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ నిలబడే తీరు మాకు తెలుసు. ఏటా ఏదో ఒక నెలలో ఎవరో ఒకరు అలా వచ్చి నిలబడతారు. "నాన్నగారికి ఆర్డరొచ్చింది మేడమ్. శనివారం వెళుతున్నాం."

టీసీ, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ నోడ్యూస్ అన్నీ అయ్యాక శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. "నా వరుస తీసేయండి" అన్నాడు.

ఉండనీలే అన్నాం. నిజంగానే ఉంచాలనిపించింది. ఆ తలుపు చేసిందే వాడు. ఏడు బడుల్లో ఏదో ఒక చోటైనా వాడి పేరుకు ఒక వరుస మిగిలి ఉంటే తప్పేముంది? ఎక్కడున్నా మన పిల్లాడే కదా. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఈ ల్యాప్‌టాప్ రైల్లో పోయిందనుకోండి మేడమ్, ఇక్కడ మీకు చిక్కు. పాత పాస్‌వర్డ్ ఉన్నప్పుడు ఒకరు వెళ్ళిపోతే మిగతా ఐదుగురూ కొత్తది నేర్చుకోవాలి. అందుకే ఎవరూ మార్చేవారు కాదు, వెళ్ళిపోయినవాళ్ళందరి దగ్గరా అదే ఉండేది. ఇప్పుడు ఒక్క వరుస తీస్తే చాలు, మిగతావాళ్ళకు ఏమీ తెలియదు కూడా."

చివరి మాట అన్నాక వాడే ఒక క్షణం ఆగాడు. మేమూ ఏం మాట్లాడలేదు.

ఫైలు తెరిచాం. వాడి వరుస మూడోది. చివర ఏం రాసుకున్నాడో అప్పుడే చూశాం. ఊరు లేదు. "ప్రస్తుతం ఇక్కడే" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ వరుస తీసేసి ఫైలు భద్రపరిచాం. "ఇప్పుడు చూడు" అన్నాం. వాడు తన ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ కొట్టాడు. అనుమతి లేదంది. వాడు తృప్తిగా తల ఊపి, "సరిగ్గా చేశారు మేడమ్" అన్నాడు, మార్కులు వేస్తున్నట్టు.

పిల్లలూ, ఆ రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎన్ని బడుల హాజరుపట్టీల్లోంచి మీ పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి ఉంటారో, ఎన్నిసార్లు ఆ కొట్టివేత మీకు మిమ్మల్ని తుడిచేసినట్టు అనిపించి ఉంటుందో అనుకున్నాం. మర్నాడు సర్వర్ తెరిచి చూస్తే ఒక సంగతి అర్థమైంది. పత్రిక ఫోల్డర్‌లో ఆ అబ్బాయి దిద్దిన కథలు పదకొండున్నాయి, రాసిన పొడుపుకథలు ఉన్నాయి, పేజీల అమరిక ఉంది. ఒక్కటీ చెరగలేదు. తీసేసింది తలుపు తెరిచే అనుమతిని మాత్రమే. వాడు లోపల చేసిన పని లోపలే ఉంది. వాడి చెవి వాడి దగ్గరే ఉంది. దాన్ని మేము తీసుకోలేదు, తీసుకోవాలన్నా కుదరదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో తలుపుకు వాడు కప్ప తగిలించుకుంటాడు.

మీలో చాలామంది వచ్చే మార్చిలోనో జూన్‌లోనో ఇంకో బడికి వెళతారు. అక్కడ మళ్ళీ అడుగుతారు, పేరేంటి, ఊరేంటి, ఇంట్లో ఏ భాష అని. చెప్పండి. విసుక్కోకుండా, మొదటిసారే సరిగ్గా, నిజం చెప్పండి. ఊరు పేరు తోచకపోతే కాలనీ పేరు చెప్పినా నేరం కాదు. అందరికీ ఇవ్వదగ్గది ధారాళంగా ఇవ్వండి. మీ దగ్గరే ఉంచుకోవలసినది ఏదో ఎవరూ అడిగినా ఇవ్వకండి, తొందరలో మాలాగా గ్రూపులో పెట్టకండి. వెళ్ళేటప్పుడు మీ వరుస మీరే తీయించుకుని వెళ్ళండి.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మేము ఈ బడిలో ఉంటామో లేదో చెప్పలేం. మాకూ ఇక్కడ నాలుగో ఏడు నడుస్తోంది. అందుకని మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయిని కూర్చోబెట్టి, ఉత్తుత్తి వరుస ఒకటి చేర్చి, దాన్ని తీయించాం. మొదటిసారి పొరపాటున పక్క వరుస తీసింది. ముందే దాచిన నకలు నుంచి ఫైలును మళ్ళీ తెచ్చుకున్నాం. రెండోసారి సరిగ్గా చేసింది.

"మీ వరుస చివర ఏమీ రాయలేదు మేడమ్, ఏది మీదో నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

నిజమే కదా అనుకుని, ఆ ఖాళీలో "తెలుగు టీచరు" అని రాసి ఉంచాం.